లాగని కారు: క్లచ్చా, టర్బోనా?

మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడి దగ్గరకు చుట్టాలూ స్నేహితులూ తెచ్చే మొదటి ప్రశ్న థర్మోడైనమిక్స్ మీద వుండదు. "మా కారు లాగడం లేదయ్యా, ఏమై వుంటుంది?" అన్నదే వుంటుంది. ఫస్టు క్లాసులో పాసైనవాడు కూడా అక్కడ నీళ్ళు నములుతాడు. ఈ కళాశాలలోనే చదివి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఆపైన సొంత షెడ్డు పెట్టుకున్న పాత విద్యార్థిని కాబట్టి, ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఈ సంచికకు రాయమని యూనియన్ మిత్రులు అడిగారు.

కారు సంగతులన్నీ ఒక వ్యాసంలో ఇమడవు. అందుచేత కుర్రకారు మోజుపడి కొనే సెకండ్ హాండ్ టర్బో పెట్రోలు కార్లను, వాటిలో తరచు కనిపించే రెండు జబ్బులను మాత్రమే తీసుకుంటాను. ఒకటి క్లచ్ జారడం. రెండోది టర్బో బూస్టు తగ్గడం. రెండింటికీ పైకి కనబడే లక్షణం ఒకటే, కారు లాగదు. వైద్యం మాత్రం వేరు వేరు. రోగమొకటి మందొకటి ఐతే జేబుకు చిల్లే తప్ప కారుకు స్వస్థత వుండదు.

టర్బో చేసే పని

ఇంజను బలం అది తీసుకునే గాలిని బట్టి వుంటుంది. ఎక్కువ గాలి వెళితే, దానికి తగినంత పెట్రోలు కలిపి ఎక్కువ బలం పుట్టించవచ్చు. మామూలు ఇంజను వాతావరణ పీడనం నెట్టినంత గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బో వున్న ఇంజనులో, పొగగొట్టం గుండా వృథాగా పోవలసిన వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొసన వున్న మరో చక్రం, అనగా కంప్రెసర్, బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఇలా అదనంగా వచ్చే పీడనమే బూస్టు.

స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి ఈ ఊహకు 1905లో పేటెంటు పొందాడు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్, షెవ్రొలే కంపెనీలు టర్బో కార్లను అమ్మకానికి తెచ్చాయి. 1977లో రెనో కంపెనీ దీన్ని ఫార్ములా వన్ పందేలలోకి తెచ్చింది. ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దానికీ దాని బేరింగుకూ మధ్య వుండేది పలచని ఆయిలు పొర ఒక్కటే. కాబట్టి టర్బో కారులో ఆయిలు విషయంలో పిసినారితనం పనికిరాదు.

గాలి నడిచే దారి విద్యార్థికి కంఠతా రావాలి. ఎయిర్ ఫిల్టరు, గాలిని కొలిచే సెన్సరు, కంప్రెసర్, వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, థ్రాటిల్, ఆ తరువాత ఇంజను. వీటి మధ్య రబ్బరు గొట్టాలు, క్లాంపులు. బూస్టు హద్దు మీరకుండా కొన్ని వాయువులను పక్కదారి పట్టించే తలుపు వేస్ట్‌గేటు. దాన్ని ఎప్పుడు తెరవాలో కంప్యూటర్ మాట ప్రకారం నడిపించేది సాలినాయిడ్ వాల్వు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు దారిలో చిక్కిన గాలిని వెనక్కు మళ్ళించేది డైవర్టర్ వాల్వు. వీటిలో ఏది చెడ్డా ఓనరు నోట వచ్చే మాట ఒకటే: "టర్బో పోయింది." పాపం, టర్బో చాలాసార్లు నిర్దోషి.

క్లచ్ చేసే పని, ఒక చిన్న లెక్క

ఇంజను పుట్టించిన బలాన్ని గేర్‌బాక్సుకు అందించేది క్లచ్. ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య రాపిడి పలక ఒకటి బిగిసి వుంటుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, వదిలితే పట్టుకుంటుంది. ఆ పట్టు ఎంత వరకు ఆగుతుందో మన రెండో సంవత్సరం సూత్రమే చెబుతుంది. రాపిడి గుణకాన్ని బిగింపు బలంతో, సగటు వ్యాసార్ధంతో, రాపిడి తలాల సంఖ్యతో గుణించాలి.

రాపిడి గుణకం 0.3, బిగింపు 5000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.0945 మీటరు, తలాలు 2 అనుకుందాం. జవాబు సుమారు 283 న్యూటన్ మీటర్లు. ఇంజను గరిష్ఠ టార్కు 210 ఐతే క్లచ్ నిశ్చింతగా పనిచేస్తుంది. అదే పలక మీద ఆయిలు పడి గుణకం 0.2కు దిగిందనుకోండి, పట్టు 189కి పడిపోతుంది. అప్పుడు జారుతుంది. ఆయిలు పడకపోయినా, కంప్యూటర్‌లో బూస్టు పెంచి ఇంజను టార్కును 290కి తీసుకుపోతే అప్పుడూ జారుతుంది. చూడండి, రెండో సందర్భంలో క్లచ్‌లో లోపమేమీ లేదు. మోయలేని బరువు నెత్తిన పెట్టాం, అంతే.

రెండు ముళ్ళ పరీక్ష

ఇక అసలు విషయానికి వద్దాం. లాగని కారులో తప్పు ఎవరిదో తేల్చడానికి మొదట కావలసింది స్పానరు కాదు. డాష్‌బోర్డు మీద వున్న రెండు ముళ్ళు, ఆర్‌పీఎం ముల్లు, వేగం ముల్లు, చాలు.

ఒక గేరులో వున్నంతసేపు ఇంజను చుట్లకూ కారు వేగానికీ నిష్పత్తి మారకూడదు. నాలుగో గేరులో 2500 చుట్లకు 80 కిలోమీటర్ల వేగం వుంటే, 100 కిలోమీటర్లకు 3125 చుట్లు వుండాలి. 3125కు బదులు 3600 వున్నాయంటే ఆ 475 చుట్లు దారిలో ఎక్కడో పోయాయన్నమాట. మామూలు గేర్లున్న కారులో అవి పోయేది క్లచ్‌లోనే. ఇంజను అరుస్తుంది, కారు కదలదు, కొన్నిసార్లు కాలిన వాసన కూడా వస్తుంది.

అలాకాక రెండు ముళ్ళూ కలిసికట్టుగానే లేస్తున్నాయి గాని, రెండూ నత్తనడక నడుస్తున్నాయనుకోండి. అప్పుడు క్లచ్ పట్టుకునే వుంది, ఇంజనుకే బలం లేదు. వెతకవలసింది గాలి దారిలో.

ఈ పరీక్షను ఖాళీ రోడ్డు మీద, వేగ పరిమితి లోపల, పక్కన కూర్చున్నవాడు అంకెలు రాసుకుంటుండగా చేయాలి. నడిపేవాడి కళ్ళు రోడ్డు మీదే వుండాలి. నాలుగో గేరులో 2000 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి మూడు నాలుగు సెకన్లు చూస్తే సరిపోతుంది.

చాలా షెడ్లలో ఇంకో పరీక్ష చేస్తారు. హాండ్‌బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదులుతారు. ఇంజను ఆగిపోతే క్లచ్ మంచిదంటారు. మామూలు కారుకు ఇది కొంతవరకు చెల్లుతుంది. టర్బో కారుకు చాలదు. నిలబడివున్న కారులో బూస్టు పుట్టదు, పూర్తి టార్కు రాదు. కాబట్టి ఆ పరీక్షలో తప్పిన క్లచ్ చెడ్డదే గాని, నెగ్గిన క్లచ్ మంచిదని పూచీ లేదు.

బూస్టు తక్కువైతే వెతికే వరస

ఖర్చు లేనివాటితో మొదలుపెట్టి, ఖర్చయ్యేవాటి దగ్గరకు పోవాలి. ఇదే నియమం.

మొదటిది, స్కానరు. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, ఇన్‌టేక్ పీడనం ఎంత చూపిస్తోందో చదవండి. ఆ ఊరి వాతావరణ పీడనమే చూపించాలి. విశాఖపట్నంలో సుమారు 1010 మిల్లీబార్లు, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన వున్న హైదరాబాదులో సుమారు 950. అంకె తేడాగా వుంటే సెన్సరే అబద్ధమాడుతోంది. తప్పుడు తక్కెడతో తూకం వేయకూడదు కదా. ఐడిల్‌లో ఆరోగ్యమైన పెట్రోలు ఇంజను 300-400 దగ్గర వుంటుంది. తరువాత రోడ్డు మీద, కంప్యూటర్ కోరిన బూస్టు ఎంత, వచ్చింది ఎంత అనే రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. కోరినదానికన్నా తక్కువ వస్తే పి0299, ఎక్కువ వస్తే పి0234 అనే కోడ్ కనిపించవచ్చు. కోడ్ రోగలక్షణమే గాని రోగం పేరు కాదు. పి0299 చూసి టర్బో మార్చడమంటే, జ్వరం చూసి ఆపరేషన్ చేయడమే.

రెండోది, కళ్ళూ చేతులూ. ఎయిర్ ఫిల్టరు, వాక్యూమ్ గొట్టాలు, క్లాంపులు చూడాలి. రబ్బరు గొట్టాలు చాలాసార్లు కింది వైపున, క్లాంపు మాటున చీలుతాయి. పైనుంచి చూస్తే కొత్తగానే వుంటాయి. చెయ్యి పోనిచ్చి తడమాలి.

మూడోది, లీకు పరీక్ష. ఇంజను ఆపి, కంప్రెసర్ ముందున్న గొట్టానికి సరిపోయే బిరడాకు టైరు వాల్వు అమర్చి గాలి ఎక్కించండి. కారు మామూలు బూస్టుకన్నా మించనివ్వకండి. అతుకుల మీద సబ్బునీళ్ళు పోస్తే బుడగలు దొంగను పట్టిస్తాయి. తెరిచివున్న వాల్వుల గుండా కొంత గాలి ఇంజను లోపలికి పోతుంది, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

నాలుగోది, డైవర్టర్ వాల్వు, వేస్ట్‌గేటు. డైవర్టర్ వాల్వుకు చేతిపంపుతో వాక్యూమ్ ఇస్తే నిలవాలి, జారిపోతే లోపలి పొర చిరిగింది. వేస్ట్‌గేటు కడ్డీని కదిలించే డబ్బాకు కొద్ది గాలి ఇస్తే కడ్డీ కదిలి అక్కడే నిలవాలి. కంప్యూటర్‌కు ఏదైనా అనుమానం వస్తే సాలినాయిడ్‌ను ఆపేస్తుంది, అప్పుడు వేస్ట్‌గేటు స్ప్రింగు ఇచ్చే కొద్దిపాటి బూస్టే మిగులుతుంది. పొగగొట్టంలో కెటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా టర్బో తిరగలేదు.

చిట్టచివరిది టర్బో. ముందరి గొట్టం విప్పి, చల్లారిన తరువాత, ఇరుసును వేళ్ళతో కదపండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, ఆయిలు పొరకు చోటు వుండాలి. ముందుకూ వెనక్కూ స్పష్టంగా కదిలితే, రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులుంటే, అప్పుడు మాత్రమే "టర్బో పోయింది" అనండి. గొట్టంలో పలచగా ఆయిలు అంటుకోవడం మామూలే, మడుగు కట్టివుంటే మాత్రం ఆలోచించాలి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. లీకున్న కారులో కోరిన పీడనం తేవడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. లీకు మాన్పకుండా కొత్త టర్బో పెడితే, కొత్తదాన్నీ అదే దారిలో పంపినట్టవుతుంది.

క్లచ్ చెప్పే మాటలు

క్లచ్ జబ్బులన్నీ జారుడే కాదు. పెడల్ తొక్కినా పట్టు పూర్తిగా వదలకపోతే రివర్సు గేరు గరగరమంటుంది. పెడల్‌ను రెండు మూడుసార్లు కొట్టి తొక్కితే గేరు సాఫీగా పడుతోందంటే, లోపం పలకలో కాదు, హైడ్రాలిక్స్‌లో. గాలి చేరి వుండవచ్చు, లేదా మాస్టర్ సిలిండరో స్లేవ్ సిలిండరో కారుతుండవచ్చు. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే, కాబట్టి అది తగ్గుతోంటే అశ్రద్ధ చేయవద్దు.

పెడల్ తొక్కినప్పుడే మోత వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడు ఆగి, వదిలినప్పుడు వచ్చే మోత ఐతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ ఇరుసు బేరింగు వైపు చూడాలి. బండి కదిలేటప్పుడు వణికితే పలక మీద ఆయిలో, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలో వుండవచ్చు. పలక అరుగుతున్నకొద్దీ పెడల్ బరువెక్కడం కూడా ఒక గుర్తు.

విప్పినప్పుడు పాత పలక ధూళిని గాలితో ఊదకండి. ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి.

ఒక ఉదాహరణ

మా జూనియర్ ఒకడు, పేరు వద్దు, మొదటి ఉద్యోగం డబ్బుతో పాత టర్బో కారు కొన్నాడు. 1.8 లీటర్లు, సిలిండరుకు 5 వాల్వులు, కంపెనీ లెక్కన 150 గుర్రాల బలం, 210 న్యూటన్ మీటర్ల టార్కు. నెల తిరగకుండానే కారు లాగడం మానేసింది. ఎక్కడో టర్బో మార్చాలన్నారట. దానికోసం అప్పు కూడా కుదుర్చుకుని, చివరి నిమిషంలో నా దగ్గరకు వచ్చాడు.

రోడ్డు మీద రెండు ముళ్ళూ కలిసే లేచాయి. క్లచ్ నిర్దోషి అనిపించింది. స్కానరులో పి0299. వచ్చిన పీడనం 1250. అది సరే, కోరిన పీడనం దగ్గర నా చూపు ఆగింది. 1900! కంపెనీ ఇచ్చినది ఆ ఇంజనుకు 1550 ప్రాంతంలో వుండాలి. అంటే పాత ఓనరు కంప్యూటర్‌లో బూస్టు పెంచించాడు.

సబ్బునీళ్ళ పరీక్షలో ఇంటర్‌కూలర్ గొట్టం క్లాంపు కింద చీలివుందని తేలింది. టర్బో ఇరుసు చక్కగా వుంది. గొట్టం మార్చి మళ్ళీ రోడ్డెక్కాం. పీడనం 1900 అందుకుంది, కారు ఎగిరినట్టు లేచింది, మరుక్షణం ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే పైకి పోయింది. క్లచ్ జారింది.

ఇంతకాలం ఆ లీకు క్లచ్‌ను కాపాడుతూ వచ్చిందన్నమాట. బలం రాకపోబట్టి బలహీనత బయటపడలేదు. ఒక జబ్బు నయం చేస్తే రెండోది బయటపడడం వైద్యుడి తప్పు కాదు గాని, ముందే చెప్పకపోతే ఓనరు మన మీద పడతాడు. అందుకే టర్బో కారులో బూస్టు బాగుచేసిన ప్రతిసారీ క్లచ్‌ను మళ్ళీ పరీక్షించి తీరాలి.

గేర్‌బాక్సు దించితే మూడో సంగతి తెలిసింది. ఇంజను వెనక సీలు నుంచి ఆయిలు చెమర్చి పలకకు తగిలింది. కారణం వెతికితే, క్రాంక్‌కేసు ఊపిరి పీల్చుకునే గొట్టంలోని వన్‌వే వాల్వు పోయింది. బూస్టు ఆ దారిన క్రాంక్‌కేసులోకి దూరి, సీలును లోపలి నుంచి నెడుతోంది. గాలి దారిలో ఒక చిన్న వాల్వు, పోయింది మాత్రం క్లచ్ పలక! ఆ వాల్వు మార్చకుండా కొత్త క్లచ్ వేసివుంటే కొత్తది కూడా తడిసేది.

అప్పుడు మావాడు గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, పాత గొట్టం మళ్ళీ పెట్టేసి, ఇలాగే అమ్మేస్తే? చూసేవాడికి క్లచ్ జారుతున్నట్టు తెలియదు కదా."

"తెలియదు," అన్నాను. "వాడు కొన్నాక గొట్టం మారుస్తాడు. ఒకరోజు రెండు వరసల రోడ్డు మీద లారీని దాటబోతాడు. ఎదురుగా బస్సు వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది, కారు కదలదు. ఆ తరువాత సంగతి నువ్వే ఆలోచించుకో తమ్ముడూ."

వాడు మారు మాట్లాడలేదు. వాల్వు, సీలు, క్లచ్ వేయించుకున్నాడు. పెంచిన బూస్టును తీసేయించి కంపెనీ లెక్కకు తెచ్చుకున్నాడు. అంతా కలిపినా టర్బో కోసం తెచ్చిన అప్పులో సగం దాటలేదు. మిగిలింది తిరిగి ఇచ్చేశాడు.

కొనేవారికి నాలుగు మాటలు

పాత టర్బో కారు కొనేటప్పుడు చల్లని ఇంజనుతో మొదలుపెట్టి చూడండి. ముందే వేడిచేసి వుంచితే ఎందుకని అడగండి. కాసేపు ఐడిల్‌లో వుంచి యాక్సిలరేటర్ తొక్కితే నీలిపొగ వస్తుందా గమనించండి. వస్తే ఆయిలు కాలుతోంది. స్కానరులో కోరిన బూస్టు, వచ్చిన బూస్టు రెండూ చూడండి. వచ్చినది తక్కువ ఐతే క్లచ్ మీద తీర్పు చెప్పకండి, దానికింకా పరీక్ష జరగలేదు. కోరినది కంపెనీ అంకెకన్నా ఎక్కువ ఐతే, ఆ కారును ఎలా నడిపారో మీకు అర్థమైనట్టే. క్లచ్ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడకూడదు.

కొన్న తరువాత ఆయిలు వేళకు మార్చండి. దూరం వేగంగా నడిపివస్తే ఆపేముందు ఒక నిమిషం ఐడిల్‌లో వుంచండి. ఎర్రగా కాలిన టర్బోలో ఆయిలు నిలిచిపోతే మాడి బొగ్గవుతుంది.

విద్యార్థి మిత్రులకు చివరి మాట. ప్రతి కారుకూ ఒక పేజీ కేటాయించి నోటుబుక్కు పెట్టండి. లక్షణం, కొలిచిన అంకె, చేసిన పని, చేసిన తరువాత మళ్ళీ కొలిచిన అంకె, ఈ నాలుగూ రాయండి. నాలుగో గడి నింపకుండా కారు అప్పగించకండి. నా నోటుబుక్కులో ఆ జూనియర్ కారు పేజీ ఇంకా వుంది. చూడాలనుకున్నవారు ఏ ఆదివారమైనా షెడ్డుకు రావచ్చు. టీ నేనే ఇప్పిస్తాను, సబ్బునీళ్ళు మాత్రం మీరు కలపాలి.